గంగ దాటిన సీసా

కప్పను నడుము దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా నొక్కితే, మగదైతే కిచకిచమంటుంది, ఆడదైతే నోరు మెదపదు. ఉద్యోగంలో చేరాక నేను మొట్టమొదట నేర్చుకున్న విద్య అది. ఆ సంగతి ఇంట్లో చెబితే మా బాపు పడీపడీ నవ్వి, "మనింట్ల ఉల్టా నడుస్తున్నది గద బిడ్డా" అన్నాడు. మా అవ్వ నవ్వలేదు. కప్పలను ముట్టిన చేతులతో వంటింట్లోకి రావద్దని నన్ను గడప దగ్గరే ఆపి బావి వైపు చూపించేది. కూతురు ఉద్యోగం చేస్తున్నదని వాడంతా చెప్పుకునే మనిషే, ఏం పని అని ఎవరైనా అడిగితే మాత్రం "దవాఖానల రాసే పని" అని తప్పించుకునేది.

రాసే పని కాదు, కప్పల పనే. హైదరాబాదులో శిక్షణ పూర్తిచేసుకుని వచ్చి కరీంనగర్‌లో ఒక దవాఖానాలో పరీక్షల గదిలో చేరాను. తెలంగాణ ఆంధ్రతో కలిసి అప్పటికి కొన్నేళ్లయింది. పరీక్షల గది అంటే పెద్దగా ఊహించుకోవద్దు. వెనక వైపు ఒక చిన్న గది, కిటికీ దగ్గర బల్ల, దాని మీద ఇత్తడి మైక్రోస్కోపు, మూలన నాలుగు మట్టి గోలేలు. గోలేలలో తడి ఇసుక, పైన ఇనుప జాలి, జాలి కింద ఒళ్లంతా పొక్కులున్న కప్పలు. వానాకాలంలో మా ఆయమ్మ చీపురూ కుండా పట్టుకుని దవాఖానా చుట్టూ తిరిగి వాటిని పట్టుకొచ్చేది. "గింత సదువు సదివి కప్పలకు కావలి కూసున్నవా బిడ్డా" అని రోజుకోసారైనా దెప్పేది. దెప్పుతూనే ఆ కప్పలకు ఈగలనూ పురుగులనూ ఏరి తెచ్చి వేసేది కూడా ఆమే.

ఇప్పటి వాళ్లకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో ఆడమనిషి కడుపుతో ఉందో లేదో అనుమానమొస్తే కప్పనే అడగాలి. తెల్లవారి లేవగానే పట్టిన మూత్రాన్ని సూదితో మగకప్ప వీపు చర్మం కిందికి ఎక్కించాలి. మూడు గంటలు ఆగాలి. తర్వాత ఆ కప్ప పోసిన నీళ్లలో ఒక బొట్టు గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూడాలి. కప్ప వీర్యకణాలు తోకలాడిస్తూ కనిపిస్తే ఆమె కడుపుతో ఉన్నట్టు, బొట్టు ఖాళీగా ఉంటే లేనట్టు. బిడ్డను మోసే మాయ నుంచి ఒక రసం పుట్టి తల్లి మూత్రంలోకి దిగుతుంది. ఆ రసం తగిలితే మగకప్ప ఆగలేదు. అంతే విద్య. చీటీ మీద నేను "ఉన్నది" అనో "లేదు" అనో ఒక్క ముక్క రాసేదాన్ని. "ఉన్నది" అని రాసిన రోజు నా బల్ల మీద బెల్లం ముక్కో అటుకుల పొట్లమో ప్రత్యక్షమయ్యేది. "లేదు" అని రాసిన రోజు చీటీ ఇచ్చి కిటికీ వైపు తిరిగేదాన్ని, వాళ్ల మొహం చూడలేక.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు కొంచెం కిందికి దిగిందని నా మనవరాలు అంటుంది గానీ నాకు నమ్మకం లేదు. సీసాల విషయంలో మరీ కోపం. దవాఖానా సీసా శుభ్రంగా కడిగి ఇస్తే, అది ఇంట్లో దాచుకుని కిరసనాయిలు సీసాలో పట్టుకొచ్చేవాళ్లు. ఒకామె ఆవకాయ సీసాలో తెచ్చింది, పాపం ఆ కప్ప. అందుకని సీసా ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పేదాన్ని. "పొద్దుగాల లేవంగనే పట్టాలె. గీ సీసలనే తేవాలె. ఉత్త సీసతోటి వస్తే నా గడప తొక్కద్దు." ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తెలియదు.

ధర్మపురికి ఎదురుగా, గోదావరి అవతల, ఆదిలాబాదు జిల్లా ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లె నుంచి ఒక రైతు తన భార్యను తీసుకుని వచ్చాడు. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. ఇప్పుడు రెండు నెలలుగా ఆమెకు నెలసరి రాలేదు. మా డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, గట్టి మనిషి, ఏదీ ఊరికే నమ్మదు. "కప్ప పరీక్ష చేయిద్దాం, తర్వాత సంబరపడదాం" అని వాళ్లను నా దగ్గరికి పంపింది. నేను సీసా ఇచ్చి నా పాఠం చెప్పాను. అతను సీసాను రెండు చేతులతో అందుకుని, తువ్వాలలో చుట్టుకుని, నా మొహం వైపు భయంగా చూస్తూ వెళ్లాడు.

మూడో రోజు పదకొండు గంటలకు అతనొక్కడే వచ్చాడు. పొద్దున్నే నావ ఎక్కి గంగ దాటి, ధర్మపురిలో బస్సు పట్టుకుని వచ్చాడు. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. సీసా నిండుగా ఉంది. నేను సంతోషపడి కూర్చోమన్నాను. మూడు గంటల తర్వాత చూస్తే బొట్టు నిండా తోకలే. "ఉన్నది" అని రాసిచ్చాను. అతను చీటీని కళ్లకద్దుకుని, "మాకు ఎర్కే అక్కా" అని నవ్వి, నాకూ ఆయమ్మకూ చెరో నువ్వుల ముద్ద పెట్టి వెళ్లాడు.

పదిహేను రోజులు తిరగకముందే ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి. నెలసరి వచ్చేసిందట. డాక్టరమ్మ పరీక్షించి, గర్భం పోయిన గుర్తులే లేవు, అసలు నిలవనే లేదంది. దవాఖానాలోనే ఆమె చేత సీసా నింపించి నాకు పంపింది. ఈసారి కప్ప "లేదు" అంది. ఆ చీటీ తీసుకుని డాక్టరమ్మ నా గదిలోకే వచ్చింది.

"నీ కప్ప అబద్ధం చెప్పింది. ఆ పిల్ల ఊరంతా చెప్పుకుందట. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఏడుపు చూస్తే గుండె పిండినట్టుంది, అది ఒకటి. కానీ నా కప్ప తప్పు చెప్పిందంటే మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. సూది ఎక్కించేముందు ప్రతి కప్పనూ చూస్తాను, అప్పటికే వీర్యకణాలు ఉంటే పక్కన పెడతాను. ఆ రోజూ చూశాను. బొట్టు ఖాళీగా ఉంది. మరి తప్పు ఎక్కడ? కప్పది కాకపోతే, నాది కాకపోతే, మిగిలింది సీసా. నేను వసారాలోకి వెళ్లి, స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఆ మొగుడి ముందు నిలబడ్డాను.

"గా రోజు సీసల తెచ్చింది ఎవ్వలది?"

"దవాఖానదే అక్కా సీస."

"సీస గాదు. సీసల ఉన్నది ఎవ్వలది?"

అతను తువ్వాల అంచు మెలిపెట్టడం మొదలుపెట్టాడు. భార్య తల ఎత్తి చూసింది.

"ఆమెదే పట్టుకొని ఎల్లిన అక్కా. నావ నడిపే పెద్దమనిషి తువ్వాల విప్పి చూసిండు. గంగ మీద ఉచ్చ తీస్కపోతవా, ఎదురుంగ నర్సింహసామి గుడి కనపడ్తలేదా, పారబొయ్యి అన్నడు. నావల అందరు నా మొకమే చూసిన్రు. పారబోసిన. గంగ దాటినంక నువ్వు యాదికొచ్చినవ్. ఉత్త సీస తెస్తే గడప తొక్కద్దంటివి. ఇగ ఏం జెయ్యాలె? తుమ్మచెట్ల ఎనకకు పోయి నేనే నింపిన."

"నింపి నాకిస్తివా?"

"రాసుకునేటందుకే అనుకున్న. ఆమె కడుపుతోటి ఉన్నదని మాకు ఎర్కే గద. నిజంగనే చూస్తరని నాకేం తెల్సు?"

ఆయమ్మ అప్పటికే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను తిడదామని నోరు తెరిచాను. తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. పక్కన మందుల గదిలో వాళ్లూ విన్నారు. "మొగనికి కడుపయ్యిందట" అని ఆ మాట వసారా అంతా పాకింది. ఏడ్చి ఏడ్చి ఉన్న ఆ భార్య కూడా కొంగుతో మొహం కప్పుకుని భుజాలు కదిలేలా నవ్వింది. అతనొక్కడే సిగ్గుతో నేల చూస్తున్నాడు.

అట్లా నవ్వుతూ నవ్వుతూ నేను ఆగిపోయాను. హైదరాబాదులో మా శిక్షణ తరగతి గుర్తొచ్చింది. మాకు పాఠం చెప్పే పెద్దాయన ఒక రోజు, "మగవాడి మూత్రానికి కప్ప ఉన్నదంటే నవ్వకండి, పరుగెత్తండి" అన్నాడు. మేం ఆ రోజు కూడా నవ్వాం. ఆయన ఓపిగ్గా చెప్పాడు. బిడ్డ ఇంకా తల్లి కడుపులో ఉండగానే, ముందుముందు వాడి సంతానానికి బీజం కావలసిన కణాలు పుడతాయట. అవి శరీరంలో వాటి చోటికి నడుచుకుంటూ పోతాయట. ఎక్కడో ఒకచోట తప్పుదారి పట్టి, ఏళ్లు గడిచాక గడ్డ కడతాయి కొన్ని. అట్లాంటి గడ్డ ఒక్కోసారి మాయ చేసే పనే చేస్తుంది. అదే రసం మూత్రంలోకి వదులుతుంది. చాలా అరుదు, కానీ చంపుతుంది. ఇదీ ఆయన చెప్పింది.

కప్ప అబద్ధం చెప్పలేదు. ఆ రోజు సీసాలో ఉన్నది ఇతనిది. కప్ప ఉన్నది అంది.

నేను పరుగెత్తాను. మా సర్జన్ సాబ్ నిజాం రోజుల నుంచీ ఆ దవాఖానాలో ఉన్న మనిషి, ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాడు. నేను ఆయాసపడుతూ చెబుతుంటే, "బేటీ, జర నిమ్మలంగ" అని కుర్చీ చూపించాడు. అంతా విని నవ్వలేదు. అతన్ని పిలిపించి తెర వెనక్కి తీసుకెళ్లాడు. నేను బయటే నిలబడ్డాను గానీ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఒంటికి పోతే మంచిగనే వస్తదా?"

"ఆగాగి వస్తది సాబ్. ఆర్నెల్ల సంది. కూసొని లేస్తె మళ్ల రావట్టె."

"ఎవరికన్న చెప్పినవా?"

"గదేం చెప్పుకునే ముచ్చట సాబ్."

అతను బల్ల ఎక్కిన చప్పుడు. తర్వాత సర్జన్ సాబ్ గొంతు.

"బీజం ఒక్కటే కనపడ్తుంది. రెండోది ఎక్కడ?"

"పుట్టుకనుంచి ఒక్కటే సాబ్. మా అవ్వకు తెల్సు. ఇగ ఎవ్వలకు చెప్పలె."

బయటికి వచ్చి సర్జన్ సాబ్ నాతో చెప్పాడు. దిగాల్సిన వృషణం ఒకటి కిందికి దిగలేదు, పొత్తికడుపులోనే ఉండిపోయింది. ఇప్పుడక్కడ మూత్రాశయం పక్కన నిమ్మకాయంత గడ్డ చేతికి తగులుతోంది. అదే మూత్రాశయాన్ని నొక్కుతోంది. మర్నాటి పొద్దున నా కళ్లముందే మరుగుదొడ్డి తలుపు దాకా పంపి, అతని సీసా చేతికి తీసుకుని, రెండు కప్పలకు ఎక్కించాను. రెండూ "ఉన్నది" అన్నాయి. జీవితంలో మొదటిసారి ఆ మాట ఒక మగవాడి చీటీ మీద రాశాను. డాక్టరమ్మ చీటీ చూసి, "నీ కప్పకి నేను సారీ చెప్పానని చెప్పు" అంది.

హైదరాబాదు పెద్దాసుపత్రికి వెళ్లి గడ్డ తీయించుకోవాలి, ఆలస్యం చేస్తే బతకడు. సర్జన్ సాబ్ ఆ మాట దాచకుండా అతనితోనే చెప్పాడు. అతను వినలేదు. నొప్పి లేదన్నాడు, మొక్కజొన్న చేతికొచ్చే కాలమన్నాడు. చివరికి అసలు సంగతి బయటపడింది. "మొగోనికి కడుపయ్యిందని మొత్తం నావకు తెల్సిపోతది. ఊళ్లె తలెత్తుక తిరగలేను."

అప్పటిదాకా నా ముందు నోరు విప్పని ఆ పిల్ల లేచి నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయేమో, బక్కపల్చటి మనిషి.

"నువ్వుంటె నిన్ను చూసి నవ్వుతరు. నువ్వు లేకుంటె నన్ను చూసి ఏడుస్తరు. నాకు నవ్వుడే మంచిగున్నది. నడువు."

అతను నడిచాడు. సర్జన్ సాబ్ ఉత్తరం రాసిచ్చాడు. ఆయమ్మ దారికి రొట్టెలూ పచ్చడీ కట్టిచ్చింది. నేను ఏమీ ఇవ్వలేదు, బస్సు దాకా వెళ్లి నిలబడ్డాను అంతే. నా కోపం వల్లే కదా అతను తుమ్మచెట్ల వెనక్కి వెళ్లింది, అది మంచికే జరిగింది కదా అని నన్ను నేను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియలేదు.

రెండు నెలల పైన గడిచాయి. ప్రతి బస్సుకూ వసారాలోకి వెళ్లి చూసేదాన్ని. ఒక రోజు వచ్చారు. అతను సగమయ్యాడు, చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది, కానీ నవ్వు మాత్రం అట్లాగే ఉంది. "కోసిన్రు, మల్ల కరెంటు పెట్టిన్రు" అన్నాడు. కరెంటు పెట్టడమంటే గడ్డ ఉన్న చోట కిరణాలు పట్టడం. హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తరం సర్జన్ సాబ్ చదివాడు. నేననుకున్న జబ్బే. గడ్డ మొత్తంగా వచ్చేసింది, ఇంకెక్కడా కనిపించలేదు. కానీ మళ్లీ పుట్టదని ఎవరూ చెప్పలేరు. మూడు నెలలకోసారి కప్పను అడగమని రాశారు. వాళ్లు వెళ్లాక సర్జన్ సాబ్ నాకొక్కదానికే ఇంకో మాట చెప్పాడు.

"బేటీ, మల్ల ఉన్నది అంటే ఇగ మన చేతుల ఏం లేదు."

ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఆ రోజే అతని సీసా పరీక్షించాను. మూడు గంటలు గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆయమ్మ "కప్ప కన్న నీకే సూది ఇచ్చినట్టున్నదే" అంది. బొట్టు వేసి చూశాను. ఖాళీ. ఇంకో బొట్టు. ఖాళీ. మూడో బొట్టు కూడా చూసి, చీటీ మీద "లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి, వసారాలోకి పరుగున వెళ్లి ఇచ్చాను. అతనికి చదువు రాదు. నా మొహం చూసి చదువుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు మా దవాఖానాలో అదొక పండుగ అయింది. మూడు నెలలకోసారి ఆ మొగుడూ పెళ్లాలు వచ్చేవాళ్లు. ముందురోజు సాయంత్రమే గంగ దాటి వచ్చి సత్రంలో పడుకుని, పొద్దున దవాఖానాలోనే సీసా నింపేవాళ్లు, గంగకు ఏ ఇబ్బందీ లేకుండా. "లేదు" అన్న మాట కోసం మిఠాయి పంచినవాడు నా ఉద్యోగంలో అతనొక్కడే. పచ్చి మొక్కజొన్న కంకులు తెచ్చేవాడు, సీతాఫలాలు తెచ్చేవాడు, ఒకసారి కప్పలకని చెప్పి డబ్బీ నిండా చెదలు పట్టుకొచ్చాడు. ఊళ్లో నవ్వారా అని అడిగితే, "నవ్విన్రు. నేను ఇంక ఎక్కువ నవ్విన. ఇగ ఊకున్నరు" అన్నాడు. ఎవరిదైనా సీసా నా బల్ల మీదికి వస్తే, "ఇది ఎవ్వలది? మీదేనా? మీ చేతులతోనే నింపిన్రా?" అని నేను ప్రాణం తీసేదాన్ని. దవాఖానా అంతా నన్ను ఆ మాటతో వెక్కిరించేది. ఆయమ్మ చాయ్ ఇచ్చేటప్పుడు కూడా "ఇది నీదే, నీ చేతులకే ఇస్తున్న" అనేది.

మూడో ఏడు వానాకాలం చివర్లో, రావలసిన రోజుకు వాళ్లు రాలేదు. నాలుగో రోజు పొద్దెక్కాక ఆయమ్మ ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. "గంగవతలోళ్లది. గా పిల్ల ఇచ్చింది, కప్పలమ్మకు ఇయ్యమన్నది. ఆయన సర్జన్ సాబ్ కాడ లైన్ల ఉన్నడు" అని చెప్పి వెళ్లిపోయింది. వానాకాలం కదా, గోలేల నిండా కొత్త కప్పలు, చేతి నిండా పని. వాళ్లది కాబట్టి అడగాల్సిన పనేముంది అనుకున్నాను. ఒక మగకప్పను తీసి, ముందు దాని బొట్టు చూసి, సూది ఎక్కించాను. మిగతా పనుల్లో పడ్డాను.

మధ్యాహ్నం బొట్టు వేసి మైక్రోస్కోపుకు కన్ను ఆనించాను. గుంపులు గుంపులుగా తోకలు.

నేను నమ్మలేదు. గాజుపలక మార్చాను. మళ్లీ అదే. మిగిలిన మూత్రం ఇంకో కప్పకు ఎక్కించి, పక్క నుంచి లేవకుండా కూర్చున్నాను. తిండి తినలేదు. సాయంత్రమవుతుండగా ఆ కప్ప కూడా అదే చెప్పింది. లేచి తలుపు దాకా వెళ్లి చూస్తే, వసారాలో అతను సీతాఫలం విప్పి ఆయమ్మ చేతిలో పెడుతూ ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. పక్కన అతని భార్య. వాళ్ల మొహాలు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషికి ఆ చీటీ నేను ఎట్లా ఇవ్వాలి? వెనక తలుపు నుంచి సర్జన్ సాబ్ గదికి వెళ్లాను. చీటీ చేతికిచ్చాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అతన్ని పిలవమన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి పొత్తికడుపు అంతా నొక్కి చూశాడు, మెడ చూశాడు, గజ్జలు చూశాడు. ఏమీ తగల్లేదు. అతను పడుకునే ఒకసారి నన్నూ ఒకసారి ఆయన్నూ చూశాడు. అర్థమైపోయింది మనిషికి.

"మళ్ల వచ్చిందా సాబ్?"

సర్జన్ సాబ్ నా వైపు తిరిగాడు.

"బేటీ, సీస ఇయ్యాల నీ ముంగట నింపిండా?"

"లేదు సాబ్. ఆయమ్మ తెచ్చింది."

"నేనింక నింపనే లేదు గద" అన్నాడు అతను లేచి కూర్చుంటూ. "మీరు చూసినంక నింపుదామని కూసున్న."

ముగ్గురం తలుపు వైపు చూశాం. అతని భార్య గడప దగ్గర నిలబడి ఉంది. తల వంచుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు మెలిపెడుతోంది.

"అది నాది" అంది.

ఆమె అట్లాగే నేల చూస్తూ చెప్పింది. "రెండు నెల్లయితుంది. పోయినసారి లెక్క ఉత్తగ సంబరపడుతమేమో అని ఈయనకు చెప్పలె. నిన్నటిదాక వానకు నావ నడువలె. ఇయ్యాల పొద్దుగాల నేనే పట్టి కొంగుల దాసుకొని నావ ఎక్కిన. ఈయన నావ అవతలి కొసకు కూసున్నడు. పెద్దమనిషి నా కాడికొచ్చి మెల్లగ అడిగిండు. దాసలె. చెప్పిన. గంగకు దండం పెట్టుకున్న. తల్లీ, గిది గలీజు గాదు, ఇందుల నా బిడ్డ ఉన్నదో లేదో చూయించుకొస్త, నన్ను దాటియ్యి అన్న. పెద్దమనిషి ఏమనలె. నావ తీసిండు."

రెండేళ్లుగా జిల్లా మొత్తాన్ని ఆ ప్రశ్నతో వేపుకుతిన్నదాన్ని, అడగాల్సిన ఒక్క రోజున అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే వెళ్లి ఆ పిల్లను గట్టిగా కావలించుకున్నాను. నా భుజం మీద ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. సర్జన్ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉర్దూలో ఏదో అనుకున్నాడు. అతను బల్ల మీద నుంచి దిగడం మర్చిపోయి, "మరి నాది?" అన్నాడు.

అదే కదా. ఇంకా అతనిది చూడనే లేదు. ఆ సాయంత్రం అతని సీసా నా కళ్లముందే తీసుకున్నాను. మూడో కప్పకు ఎక్కించాను. ఇల్లు చేరేది ఎప్పుడని ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ వచ్చి కూర్చుంది, ఆయమ్మ చాయ్ పెట్టింది, వాళ్లిద్దరూ బెంచీ మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. కొత్తగా పెళ్లయిన వాళ్లు కూడా మా ఊళ్లో అందరి ముందూ అట్లా కూర్చోరు. వాళ్లకు ఆ సోయి లేదు. ఒకరికి ఉన్నది కావాలి, ఒకరికి లేదు కావాలి.

బొట్టు ఖాళీ. రెండోదీ ఖాళీ. డాక్టరమ్మ నన్ను పక్కకు జరిపి తనూ చూసింది. "ఏమీ లేదు. శుభ్రంగా ఉంది" అని గట్టిగా అంది. అతను కిందికి వంగి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంత నవ్వించే మనిషి, ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రిజిస్టర్ తెరిచి ఆమె పేరుకు ఎదురుగా "ఉన్నది" అని, అతని పేరుకు ఎదురుగా "లేదు" అని రాశాను. తర్వాత ఇద్దరినీ బల్ల దగ్గరికి పిలిచి, ఏ సీసా ఎవరిదో మళ్లీ ఒకసారి వాళ్ల నోటితోనే చెప్పించుకుని, అప్పుడు సంతకం పెట్టాను.